గుంటూరున సూర్యుని శోధించిన జాన్సెన్

ప్రత్తి, మిరప చేల నడుమనున్న మన గుంటూరు పేరును ఖగోళశాస్త్ర చరిత్రకు ఎక్కించినవాడు పియేర్ జూల్ జాన్సెన్ అను ఫ్రెంచి పండితుడు. ఇతడు 1824వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన పారిసు నగరమున జన్మించెను. పసితనమున దాది అజాగ్రత్తవలన ఒక కాలు కుంటిదయ్యెను. కలిమి చాలమిచే బ్యాంకు కొలువు చేయుచు చదువుకొనవలసివచ్చెను.

కాంతి విద్యుదయస్కాంత తరంగమని మాక్స్‌వెల్ 1865లో ప్రకటించెను. రంగులలోని భేదము తరంగముల పొడవులోని భేదమే. ఎఱుపు పొడవైనది, ఊదా పొట్టిది. పొడవు తగ్గినకొలది అది మోయు శక్తికణము పెద్దదగునని పిమ్మట తెలిసినది. మండు పలుచని వాయువులోని పరమాణువు తాను విడుచు శక్తికి తగిన పొడవులనే వెలువరించును. కావున ఆ వెలుగును పట్టకముగుండ చూచినచో కొన్ని గీతలే కనబడును.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించినపుడు జాన్సెన్ గుంటూరున ఒక ఫ్రెంచి వర్తకుని యింట తన యంత్రములను నిలిపెను. బింబము మరుగుపడగానే దాని అంచున లేచిన ఎఱ్ఱని జ్వాలలలో ఉదజని వాయువు గీతలు మెఱసెను. అవి ఎంతటి ప్రకాశముతో నుండెననగా, గ్రహణము లేకున్నను చూడవచ్చునని అతనికి తోచెను. ఆనాడు మబ్బు కమ్మినను, మరునాడు చూడనే చూచెను. ఇందలి కిటుకు మన విద్యార్థులు గ్రహింపదగినది. ఆకాశపు వెలుగులో అన్ని పొడవుల తరంగములు కలవు. పట్టకములచే విప్పినకొలది ఆ వెలుగు పలుచబడును. జ్వాల వెలుగో, కొద్ది గీతలలోనే కూడియుండుటచే విప్పినను చెదరదు. అందుచే పట్టపగలే జ్వాల బయటపడును.

ఈ వార్తను జాన్సెన్ నెల గడచిన పిదప, సెప్టెంబరు 19న, కాకినాడనుండి వ్రాసెను. ఇంతలో ఇంగ్లండున లాకియర్ అక్టోబరు 20న స్వతంత్రముగా అదే సాధించెను! ఇరువురి లేఖలును అక్టోబరు 26వ తేదీనే పారిసు విజ్ఞాన పరిషత్తునకు చేరెను. 1872లో ఫ్రెంచి ప్రభుత్వము ఇరువురి రూపములతో ఒకే పతకము వేయించెను.

హీలియము గుంటూరుననే కనుగొనబడెనని తరచుగ చెప్పుదురు. మేము దీనిని ఒప్పుకొనజాలము. సూర్యకాంతిలోని ఒక పసుపుగీత క్రొత్త మూలపదార్థముదని ఊహించినవాడు లాకియర్. భూమిపై దానిని 1895లో రామ్సే పట్టుకొనెను. పగటివేళ సౌరజ్వాలలను చూచు విద్య మాత్రము నిశ్చయముగ గుంటూరున పుట్టినది. అది చిన్న కీర్తి కాదు.

1870లో శత్రుసేనలు పారిసును ముట్టడించియుండగా, మరియొక గ్రహణమునకై జాన్సెన్ బెలూనెక్కి తప్పించుకొని ఆఫ్రికాలోని ఓరానుకు పోయెను. అచ్చట మబ్బులు అడ్డుపడెను. మరుసటి యేట గ్రహణమునకు మన నీలగిరులకు వచ్చెను. తరువాత మ్యూడాన్ వేధశాలను స్థాపించెను. 1893లో, అరువదితొమ్మిదవ యేట, మంచుపై జారు బండిలో కూర్చుండి మనుష్యులచే లాగించుకొనుచు మోబ్లాఁ శిఖరమున తాను కట్టించిన వేధశాలకు చేరెను. 1907 డిసెంబరు 23న మ్యూడానుననే మరణించెను.