పలుకుబడి తెలిసిన బ్రౌన్ దొర

భిలాయి క్యాంప్ 1లో పెరిగిన మాకు తెలుగు ఇంట్లోనే. బడిలో, బజారులో అంతా హిందీయే. అందుకే ఫలానావాడు చెయ్యిచ్చాడని నానమ్మ అంటే సాయం చేశాడనుకుంటాం. నమ్మించి వదిలేశాడని ఆమె భావం! సాయం చేస్తే చెయ్యందించాడంటారు. చెయ్యి చేసుకున్నాడంటే కొట్టాడని. ఇలాంటి తెలుగును రెండు వందల ఏళ్ల క్రితం ఒక ఇంగ్లీషు దొర పట్టుబట్టి నేర్చుకున్నారు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతగురువు. ఆయన పోయాక బ్రౌన్ ఇంగ్లండులో చదువుకుని, 1817లో కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరారు. తెలుగు అక్కడే మొదలుపెట్టారు. 1820లో కడపకు వేశారు. కచేరీకి వచ్చే రైతులు పుస్తకాల భాష మాట్లాడరు కదా! సాక్షి నీళ్లు నమిలాడని ఎవరైనా చెప్పారనుకోండి. నీళ్లంటే తెలుసు, నమలడమంటే తెలుసు. అయినా జవాబు చెప్పలేక తడబడ్డాడన్న సంగతి ఆ రెండు మాటల్లో ఎక్కడా దొరకదు.

బ్రౌన్ వేమన పద్యాలు వెతికించి 1829లో అచ్చువేయించారు. కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి, తాటాకు గ్రంథాలు సరిచూపించారు. మధ్యలో కొన్నేళ్లు ఇంగ్లండులో ఉండి తిరిగి వచ్చారు.

ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. అంతకుముందు మన నిఘంటువులు చాలావరకు కవుల కోసం పద్యాల్లో కూర్చినవి. ఇంట్లో, అంగట్లో ఆడుకునే మాటలకు వాటిలో చోటు తక్కువ. బ్రౌన్ వాటినీ చేర్చుకున్నారు. మాటకు అర్థం చెప్పి ఊరుకోకుండా, అది మరో మాటతో కలిస్తే ఏమవుతుందో చూపే వాడుకలూ ఇచ్చారు. మాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. మా క్యాంపులో ఊరి తెలుగు మాట్లాడే పెద్దవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. రాసిపెట్టని వాడుక వాళ్లతోనే పోతుంది. అన్నట్టు, ఇలాంటి వాడుకనే పలుకుబడి అంటారు. పలుకుబడి ఉన్న మనిషి అంటే మాత్రం నలుగురిలో మాట చెల్లేవాడని అర్థం!

ఉద్యోగం విరమించాక బ్రౌన్ లండన్‌లో తెలుగు ఆచార్యులుగా పనిచేశారు. 1884 డిసెంబరు 12న అక్కడే కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది.