మూత తీసి మూసే లోపు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట వైపు వెళ్తుంటే గుట్ట మీద కోటలా కనిపించేదే ఆస్మాన్‌గఢ్. మధ్యాహ్నం పన్నెండింటికి దాన్ని బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీద తీసి చూడండి. గోడలో రాళ్లు కనపడితే ఆకాశం తెల్లకాగితం. ఆకాశం దక్కితే చెట్టు కింద నీడ తారుముద్ద. ఫిల్మ్ కెమెరా పట్టిన ప్రతివాడూ ఈ దెబ్బ తిన్నవాడే. ఆ కట్టడం లేచిన రోజుల్లోనే, 1885లో, లైట్ మీటర్ అన్నదే లేకుండా ఇలాంటి ఎండతో వేగిన మనిషి ఒకాయన హైదరాబాద్ వచ్చాడు. రాజా దీన్‌దయాళ్. మనలాగే ఇంజినీరింగ్ బాపతు!

1844లో మీరట్ దగ్గర సర్ధనాలో జైన కుటుంబంలో పుట్టాడు. 1866లో రూర్కీ థామసన్ కాలేజీలో చేరాడు. అదే ఇప్పటి ఐఐటీ. తర్వాత ఇందోర్ పీడబ్ల్యూడీలో ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. కెమెరా పట్టింది 1874లో, ముప్పై ఏళ్ల వయసులో. హోల్కర్ మహారాజు రెండో తుకోజీరావు ప్రోత్సహించాడు. 1882లో లెపెల్ గ్రిఫిన్ అనే తెల్లదొరతో కలిసి బుందేల్‌ఖండ్ గుళ్లూ కోటలూ తిరిగాడు. ఆ ఫొటోలే 1886లో గ్రిఫిన్ పుస్తకంగా వచ్చాయి.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆయన మొదలుపెట్టిన నాటికి నడుస్తున్నది కొలోడియన్ పద్ధతి. గాజు పలకకి రసాయనం పూసి, వెండి లవణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడే గుడారంలో డెవలప్ చెయ్యాలి. మన ఎండల్లో ఆ తడి ఎంతసేపు నిలుస్తుందో చెప్పక్కర్లేదు. తర్వాత డ్రై ప్లేట్లు వచ్చి ఆ పరుగు తప్పింది గానీ అసలు చిక్కు తప్పలేదు. ఆ పలకలకి నీలం మహా ఇష్టం, ఎరుపు దాదాపు కనపడదు. అందుకే పాత ఫొటోల్లో ఆకాశం అంత బోడిగా ఉంటుంది. ఎర్రరాయి ఉండాల్సినదానికంటే నల్లగా పడుతుంది. లెన్స్ మూత తీసి, మనసులో అంకెలు లెక్కపెట్టి, మూసెయ్యడం. ఎక్స్‌పోజర్ అంటే అంతే. నీడలో వివరం కావాలంటే ఇంకాసేపు తెరిచి ఉంచాలి. వెలుగు మాడిపోకూడదంటే డెవలపర్‌లోంచి తొందరగా తియ్యాలి.

కాగితం కూడా సాయం చేసేది. అప్పటి ఆల్బుమెన్ కాగితాన్ని నెగెటివ్ కింద పెట్టి ఎండలో ఆరబెట్టినట్టు ఉంచేవారు. నీడ భాగం ముందు నల్లబడుతుంది. ఆ నలుపే కాగితానికి గొడుగులా అడ్డుపడి, అక్కడ ఇంకా నల్లబడటాన్ని నెమ్మదింపజేస్తుంది. ఈలోపు తెల్లటి భాగాల్లోకి వివరం మెల్లగా దిగుతుంది. అందుకే దానికి కాంట్రాస్ట్ గట్టిగా ఉన్న నెగెటివే కావాలి. అదే నెగెటివ్‌ని ఇప్పటి మామూలు కాగితం మీద ప్రింట్ చేస్తే బొగ్గూ సున్నమే.

ఎక్స్‌పోజర్‌కీ నలుపుకీ ఉన్న సంబంధాన్ని హర్టర్, డ్రిఫీల్డ్ గ్రాఫ్ గీసి చెప్పింది 1890లో. అప్పటికి దీన్‌దయాళ్ పదహారేళ్లుగా ఆ గ్రాఫ్ లేకుండానే పని కానిస్తున్నాడు.

మరి సర్కారీ ఉద్యోగం? పెళ్లాం బిడ్డలున్నవాడు, జీతం వస్తున్నవాడు, సెలవు పెట్టి ఫొటోలు తీసి, చివరికి ఉద్యోగమే మానేశాడు. మనింట్లో అయితే ఏమంటారో ఊహించుకోండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫర్‌ని చేశాడు, ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో పరదా స్త్రీల కోసం వేరే స్టూడియో తెరిచాడు. అందులో ఫొటోలు తీసేది కూడా ఆడమనిషే. 1896లో బొంబాయిలో ఇంకొకటి. వేటలూ విందులూ దర్బార్ల ఫొటోలు బోలెడు. నాకు మాత్రం మనుషుల్లేని గుళ్ల ఫొటోలే నచ్చుతాయి.

1905లో చనిపోయాడు. మూడేళ్లకి మూసీ పొంగి ఊరు కొట్టుకుపోయినప్పుడు ఆ శిథిలాలని ఆయన పేరు మీద నడుస్తున్న స్టూడియోనే ఫొటోలు తీసింది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజు నెగెటివ్‌లు కొనుక్కుంది. ఒక్కోటీ ఒక్కో మూత తీత.