రాబర్ట్ ఆంగస్ స్మిత్

రాబర్ట్ ఆంగస్ స్మిత్ (ఫిబ్రవరి 15, 1817 - మే 12, 1884) స్కాట్లండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త. నగరాల బొగ్గు పొగకు, వర్షపు నీటిలోని ఆమ్లానికి గల సంబంధాన్ని పరీక్షల ద్వారా నిరూపించినవారిలో ఇతడు ప్రథముడు. ఆంగ్లభాషలో "ఆమ్ల వర్షం" అనే పేరును ప్రచారంలోకి తెచ్చినవాడు కూడా ఇతడే.

బాల్యం, విద్య

స్మిత్ గ్లాస్గో సమీపంలోని పొలాక్‌షాస్‌లో జన్మించాడు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరినా పట్టా పొందకుండానే విడిచిపెట్టి, కొంతకాలం ప్రైవేటు ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. అనంతరం జర్మనీ వెళ్ళి, గీసెన్‌లో ప్రఖ్యాత శాస్త్రవేత్త లీబిగ్ వద్ద రసాయన శాస్త్రం అభ్యసించి 1841లో డాక్టరేటు పొందాడు. తరువాత ఇంగ్లండులోని మాంచెస్టరు నగరంలో స్థిరపడ్డాడు.

పరిశోధనలు

నూలు మిల్లులకు నిలయమైన మాంచెస్టరులో ఇళ్ళకు, యంత్రాలకు బొగ్గే ప్రధాన ఇంధనం. బొగ్గులోని గంధకం మండగా వెలువడే సల్ఫర్ డయాక్సైడు, గాలిలోని ఆక్సిజనుతోను తేమతోను కలసి గంధకామ్లంగా మారి వానతోపాటు నేలకు చేరుతుంది. 1852లో స్మిత్ ప్రకటించిన వ్యాసం ప్రకారం దూరపు పొలాలపై కురిసే వానలో అమ్మోనియం కార్బొనేటు, నగర శివార్లలో అమ్మోనియం సల్ఫేటు, నగరం నడుమ గంధకామ్లం ఉన్నాయి. వస్త్రాల రంగులు వెలిసిపోవడానికి, లోహాలు తుప్పు పట్టడానికి, కట్టడాల రాళ్ళు శిథిలం కావడానికి ఈ ఆమ్లమే కారణమని అతడు గుర్తించాడు. 1872లో "గాలి, వాన" అనే అర్థం గల పేరుతో ఈ విషయంపై ఒక బృహద్గ్రంథం వెలువరించాడు.

ఆల్కలీ తనిఖీ అధికారి

ఆ కాలంలో ఉప్పునుండి సోడా తయారుచేసే కర్మాగారాలు హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువును గాలిలోకి వదిలి చుట్టుపక్కల పైరులను, చెట్లను మాడ్చివేసేవి. ఈ వాయువులో కనీసం 95 శాతాన్ని కర్మాగారంలోనే పట్టి ఉంచాలని 1863లో బ్రిటిష్ పార్లమెంటు ఆల్కలీ చట్టం చేసింది. దాని అమలుకు స్మిత్ మొదటి ప్రధాన తనిఖీ అధికారిగా నియమితుడై మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు. యజమానులపై దావాలు వేయడం కంటె వారికి నచ్చజెప్పి మార్గం చూపడమే మేలని అతడు భావించాడు. ఈ మెతక వైఖరి విమర్శలకు గురయినా, చట్టం విధించిన పరిమితిని కర్మాగారాలు త్వరలోనే అందుకున్నాయి.

అయితే ఈ చట్టం బొగ్గు పొగకు వర్తించలేదు. నగరపు వానలో ఆమ్లానికి మూలమని తాను నిరూపించిన పొగను అరికట్టే అధికారం స్మిత్‌కు ఏనాడూ లభించలేదు.

మరణం, గుర్తింపు

స్మిత్ 1884లో వేల్స్‌లోని కోల్విన్ బే వద్ద మరణించాడు. అతని పరిశోధనలు చాలాకాలం మరుగున పడిపోయాయి. 1960వ దశకం చివరలో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె ఓడెన్, దేశాల సరిహద్దులు దాటి వచ్చే గంధక వాయువుల వలన స్కాండినేవియా సరస్సులు ఆమ్లీకృతమవుతున్నాయని వెల్లడించిన తరువాతనే స్మిత్ కృషి మరల వెలుగులోకి వచ్చింది.