బయాస్‌కి పేరు పెట్టినాయన

గ్యారీ కిల్డాల్ అనగానే అందరూ చెప్పే కథ ఒకటుంది. ఐబీఎం వాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం తలుపు తడితే ఆయన విమానమెక్కి షికారుకెళ్లాడట, ఆ అదృష్టం కాస్తా బిల్ గేట్స్‌కి దక్కిందట! ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మనిషి చేసిన పనంతా పక్కనపెట్టి, పోగొట్టుకున్నదొక్కటే గుర్తుపెట్టుకోవడం ఏం న్యాయం?

కిల్డాల్ 1942లో సియాటిల్‌లో పుట్టాడు. వాళ్ల కుటుంబం ఓడలు నడిపేవాళ్లకి దిక్కులు, దారులు నేర్పే బడి నడిపేది. 1972లో వాషింగ్టన్ యూనివర్సిటీలో డాక్టరేట్ చేశాడు. కాలిఫోర్నియాలోని మాంటెరీలో నేవీ వాళ్ల కాలేజీలో పాఠాలు చెబుతూనే, ఇంటెల్‌కి పీఎల్/ఎం అనే భాష రాసిచ్చాడు. 1974లో సీపీ/ఎం తయారైంది. చిన్న చిప్‌తో ఫ్లాపీ డిస్క్ నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ అది. భార్య డొరోతీతో కలిసి పెట్టిన కంపెనీయే డిజిటల్ రీసెర్చ్.

ఆ రోజుల్లో కంప్యూటర్ ఆన్ చేయడమే ఒక పని. ఆల్టెయిర్ లాంటి మెషిన్‌కి ముందు వరసగా స్విచ్‌లుండేవి. మొదటి కొన్ని సూచనల్ని ఒక్కో బిట్టూ వేలితో నొక్కి ఎక్కిస్తేగానీ అది కదిలేది కాదు. పైగా ఒక్కో కంపెనీ మెషిన్ ఒక్కో రకం. ప్రతిదానికీ సీపీ/ఎంని మళ్లీ సవరించాలా?

కిల్డాల్ ఇక్కడే గీత గీశాడు. కీబోర్డు, స్క్రీన్, డిస్క్‌లతో నేరుగా మాట్లాడే కోడ్‌నంతా విడదీసి ఒకచోట పెట్టాడు. దానికి బయాస్ అని పేరు పెట్టాడు. కొత్త మెషిన్ వస్తే ఆ ముక్క మారిస్తే చాలు, మిగతాదాని జోలికి పోనక్కర్లేదు.

బయాస్ మొదట్లో ఒక పట్టిక ఉంటుంది. అందులో మొదటిది కోల్డ్ బూట్, అంటే మెషిన్ ఆన్ చేయగానే నడిచేది. రెండోది వార్మ్ బూట్. మెమరీ మొత్తం 64 కిలోబైట్లే కాబట్టి, పెద్ద ప్రోగ్రామ్ కమాండ్ ప్రాసెసర్ ఉన్న చోటుని కూడా వాడేసుకోవచ్చు. దాని పని అయ్యాక వార్మ్ బూట్ ఆ భాగాన్ని డిస్క్ నుంచి మళ్లీ తెచ్చి పెడుతుంది. పవర్ ఆపి వేయాల్సిన పనే లేదు. మనం ఇప్పుడు రీస్టార్ట్, షట్‌డౌన్ అని వేరుచేసి చూడటం చూస్తే నాకు ఈ పట్టికే గుర్తొస్తుంది.

ఇక 1980 నాటి ఐబీఎం సంగతి. ఆయన వెళ్లింది షికారుకి కాదు, వ్యాపారం పని మీద. ఆ రోజు ఏం జరిగిందన్న దానిపై అక్కడున్నవాళ్ల మాటలే ఒకదానికొకటి పొసగవు. చివరికి ఐబీఎం రెండూ అమ్మింది: మైక్రోసాఫ్ట్ ఇచ్చిన డాస్ 40 డాలర్లకి, కిల్డాల్ సీపీ/ఎం-86 మాత్రం 240 డాలర్లకి. ఎవరు ఏది కొంటారో చెప్పాలా? కానీ ఐబీఎం పీసీ మదర్‌బోర్డు మీది చిప్‌లో కూర్చున్న కోడ్ పేరు మాత్రం బయాసే.

1991లో డిజిటల్ రీసెర్చ్‌ని నోవెల్ కొనేసింది. 1994లో, 52 ఏళ్లకే కిల్డాల్ పోయాడు.

ఇప్పుడు మన లాప్‌టాప్‌లలో ఉన్నది యూఈఎఫ్ఐ. అయినా లినక్స్ వేసుకోవడానికి బూట్ ఆర్డర్ మార్చాలంటే, బయాస్‌లోకి వెళ్లరా అనే అంటాం. పేరు పాతదే, ఆ గీతా పాతదే. ఈసారి ఎవరైనా విమానం కథ ఎత్తుకుంటే, ఈ రెండు ముక్కలూ చెప్పండి.