మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్

క్రికెట్‌లో వికెట్ కీపర్ వంటివాడే అమెరికా బేస్‌బాల్‌లో క్యాచర్. ఆ స్థానానికి వన్నె తెచ్చిన నల్లజాతి క్రీడాకారుడు మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్. 1856లో ఒహాయో రాష్ట్రంలో జన్మించి, ఓబర్లిన్ కళాశాలలో విద్యనభ్యసించారు. 1883లో టొలీడో జట్టులో చేరి, మరుసటి ఏడు అగ్రశ్రేణి పోటీలలో 42 ఆటలాడారు. బంతి విసిరే ముల్లేన్, నల్లవాడన్న కారణంగా ఆయన సంజ్ఞలను లక్ష్యపెట్టక తోచినట్లు విసిరేవాడు. ఏ బంతి ఎటు వచ్చునో తెలియకనే వాకర్ పట్టేవారు. ఆయన కంటె మేటి క్యాచర్‌ను ఎరుగనని ముల్లేనే తరువాత అంగీకరించాడు.

1887లో వాకర్ నూవర్క్ జట్టులో ఉండగా, నల్లవారితో కొత్త ఒప్పందాలు కూడదని ఇంటర్నేషనల్ లీగ్ తీర్మానించింది. 1889లో సిరక్యూజ్ జట్టుతో ఆయన ఆట ముగిసింది. 1924లో కన్నుమూశారు. ఆ లీగ్‌లో మరొక నల్లజాతి ఆటగానికి, జాకీ రాబిన్సన్‌కు, చోటు దొరికినది 1946లోనే. ఒక్కనాటి తీర్మానంతో మూసిన తలుపు తిరిగి తెరుచుకొనుటకు ఒక మనిషి జీవితకాలం చాలలేదు.