మాసాహెబా హయాత్‌బక్షీ బేగము

శంషాబాదు విమానాశ్రయము 2008వ సంవత్సరమున తెఱవబడినది మొదలు దేశదేశముల ప్రజలు ఆ త్రోవనే హైదరాబాదు నగరమును ప్రవేశించుచున్నారు. మెహదీపట్నమువద్ద ఎత్తుబాట దిగి ముందునకు సాగువారికి తగులు పేట మాసబ్ ట్యాంకు. అది మాసాహెబా చెరువు అను మాటకు వికృతి. చెరువు రూపుమాసినది, పేరుమాత్రము మిగిలినది. దినమునకు వేలమంది నోట పలుకబడు ఆ పేరు హయాత్‌బక్షీ బేగముదని ప్రతీతి. రాజుల పట్టికయే చరిత్రమని చదువుకొనుచు వచ్చిన మనకు ఆ తల్లి జీవితము తెలిసికొనదగినది.

హైదరాబాదు నగరమును నిర్మించి, 1591లో చార్మినారు నెత్తించిన మహమ్మదు కులీ కుతుబ్షాకు ఆమె యేకైక సంతానము. 1607లో తండ్రి ఆమెను తన సోదరుని కుమారుడగు మహమ్మదున కిచ్చి వివాహము చేసెను. 1612లో తండ్రి గతింపగా భర్తయు, 1626లో భర్త గతింపగా కుమారుడు అబ్దుల్లాయు సింహాసనము నధిష్ఠించిరి. ఒక సుల్తానుకు కూతురు, మఱియొకనికి భార్య, వేఱొకనికి తల్లి యగు భాగ్యము ఆమెకు లభించెను. భాగ్యముతోపాటు భారమును లభించెను.

అబ్దుల్లా పట్టాభిషిక్తుడగునాటికి 12 ఏండ్ల బాలుడు. రాజ్యవ్యవహారము తల్లి యాలోచనతోనే సాగినది. అంతఃపురమువారే కాక నగరమంతయు ఆమెను మాసాహెబా యని పిలిచెను. అబ్దుల్లా నెక్కించుకొనిన మదపుటేనుగు అడవి పాలుకాగా, కుమారుడు క్షేమముగ తిరిగివచ్చినచో ఏనుగు సంకెలయంత బరువుగల బంగారు గొలుసు చేయించి పేదలకు పంచెదనని ఆమె మ్రొక్కుకొనినదనియు, ఆ మ్రొక్కే మొహర్రమునాటి లంగరు ఉత్సవమునకు మూలమనియు జనులు చెప్పుకొందురు. నిజాముల కాలమునను ఆ ఊరేగింపు నగరమున వైభవముగ సాగినది.

బందరునకు పోవు బాటపై ఆమె పేరిట వెలసిన ఊరే హయాత్‌నగరము. అచ్చట ఆమె కట్టించిన మసీదును, దానిచుట్టు బాటసారులకై సత్రపు గదులును, దాపున పెద్ద బావియు నున్నవి. బందరు రేవునకును గోలకొండకును నడుమ సరకులు మోసిన వర్తకులకు నీరు, నీడ సమకూర్చుట గొప్ప రాజనీతియే.

ఆమెకు నిజమైన పరీక్ష 1656లో వచ్చినది. అబ్దుల్లాకు మంత్రియై, కర్ణాటక విజయములచే సుల్తానును మించిన బలిమి గడించిన మీర్ జుమ్లా మొగలాయీల పక్షము చేరెను. అతని కుమారుని సుల్తాను చెరపట్టుటను నెపముగ గొని, దక్కను సుబేదారగు ఔరంగజేబు తన కొడుకును ముందుగ పంపి, వెనువెంట తానును వచ్చి గోలకొండను ముట్టడించెను. హైదరాబాదు కొల్లపోయినది. సుల్తాను కోటలో దాగెను. అప్పుడు వివాహమై అర్ధశతాబ్ది కావచ్చిన ఆ వృద్ధమాత తానే శత్రుశిబిరమునకు పోయి సంధి మాటాడినది. 1 కోటి రూపాయల దండుగకును, మనుమరాలిని ఔరంగజేబు కుమారునకు వివాహము చేయుటకును ఒడంబడిక కుదిరెను. ఢిల్లీనుండి షాజహాను ఆజ్ఞయు రాగా మార్చి కడపట ముట్టడి తొలగెను.

దీనిని విజయమని మనము చెప్పజాలము. ధనముతోడ ఇంటిబిడ్డను గూడ ఈయవలసివచ్చిన సంధి యది. కుమారుని దౌర్బల్యమునకు తల్లియు, రాజకీయమునకు ముక్కుపచ్చలారని బాలికయు వెల చెల్లించిరి. అయినను గోలకొండ మఱి 31 ఏండ్లు, 1687వఱకు, స్వతంత్రముగ నిలిచినది. క్షేత్రయ్య గోలకొండ పాదుషా కొలువు జూచినదియు అబ్దుల్లా కాలముననే యందురు.

1667లో మాసాహెబా కాలధర్మము నొందెను. గోలకొండ సమాధులలో ఆమె సమాధి సుల్తానుల సమాధులకు తీసిపోక తలయెత్తి నిలిచియున్నది; ప్రక్కనే ఆమె పేరిటి మసీదు. నాటివారు ఆమెకు రాజులతో సమానముగ చోటిచ్చిరి. మన పాఠ్యపుస్తకములును ఆపాటి చోటీయవలదా? ఆమె పేటలో ఆమె యెవరో తెలుపు ఒక తెలుగు శిలాఫలకమును నిలుపుట నగరపాలకులకు పెద్ద వ్యయము కాదు. తల్లిని పేరుపెట్టి పిలుచుచు, ఆమెను మఱచుట జాతికి తగదు.