నీలివర్ణము తెలిపిన రహస్యము

మన గోదావరి సీమలో, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నమున గాని గట్టెక్కలేదు. పరీక్ష తప్పిన మా విద్యార్థులకు ఈ సంగతి ముందుగా చెప్పుచుందుము.

1925లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఆయన భాస్వరమును కొలుచు పద్ధతిని రూపొందించిరి. మాలిబ్డినము, ఆక్సిజన్‌ల సమ్మేళనమైన మాలిబ్డేటు ఆమ్లద్రావణములో ఫాస్ఫేటుతో జతపడును. అది ఆక్సీకరణిగా ప్రవర్తించి, క్షయకరణి నుండి ఎలక్ట్రానులను గైకొని నీలవర్ణము దాల్చును. ఆ రంగు చిక్కదనమే భాస్వరపు కొలత. అయితే కండరముల నుండి తీసిన ద్రావణములో రంగు వెంటనే రాక, మెల్లమెల్లగా పెరిగినది. మరొకరైతే పొరపాటని పారబోసెడివారేమో! ఆ ఆలస్యమునకు కారణము వెదకగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయల్పడినది. మాలిబ్డేటు సమక్షమున అది క్రమముగా విడివడి, ఫాస్ఫేటును విడుచుచుండెను.

అయినను హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి నీయలేదు. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. 1948లో, 53వ ఏట, అమెరికాలోనే కన్నుమూసిరి.